ఎవరి తాలూకు? – అర్జీ నుండి ఆత్మకథనము దాక

తెలుగు పల్లెలో ముక్కు మొగము తెలియని పిల్లవాడు ఎదురుపడినచో పెద్దలు ముందుగా వాని పేరు అడుగరు. "ఎవరి అబ్బాయివిరా?" అందురు. ఒకచో "ఎవరి తాలూకు?" అందురు. తండ్రి పేరో, తాత పేరో, ఇంటిపేరో చెప్పగానే అడిగినవారికి తృప్తి కలుగును. వాని సొంత పేరు ఆ తరువాతి మాట. ఒక్కొక్కప్పుడు దానిని అడుగనే అడుగరు. హైదరాబాదు పాత నగరములో ఈ ప్రశ్నకే 'హసబ్ నసబ్' అను గౌరవప్రదమైన పేరు కలదు. నసబ్ అనగా వంశము. హసబ్ అనగా ఘనకార్యములచేత గడించిన ప్రతిష్ఠ. రెండును కలిపి అడుగుట మర్యాద గాని, ఆచరణలో రెండవది చెప్పినవారికి మొదటిదియు చాలును.

ఇటీవల మా బంధువుల యింటి పెండ్లికి శుభలేఖలు అచ్చు వేయింపవలసి వచ్చి మేము ఛత్తా బజారునకు పోయితిమి. చార్మినారునకును మూసీ నదికిని నడుమనున్న ఈ బజారు అచ్చుపనికి ప్రసిద్ధము. ఒకప్పుడు కాతిబులు, అనగా ఉర్దూ వ్రాతగాండ్రు, కూర్చుండి కలముతో అక్షరములు తీర్చిన దుకాణములలో నేడు కంప్యూటరు తెరలు వెలుగుచున్నవి. అట్టి యొక దుకాణములో పదునాలుగు పదునైదేండ్ల బాలిక తండ్రితో వచ్చి కూర్చుండి యుండెను. దూరదేశమందలి యొక వసతి పాఠశాలలో ఉపకారవేతనముతో చేరుటకు ఆమె దరఖాస్తు పెట్టుకొనుచున్నది. పేరు, పుట్టిన తేదీ, మార్కులు అన్నియు నింపిరి. చివరి ప్రశ్న యొకటి మిగిలినది. 'నిన్ను గురించి నీ మాటలలో వ్రాయుము. ఐదువందల మాటలు మించరాదు' అని దాని భావము.

వారి సంభాషణ దక్కనీ ఉర్దూలో జరిగినది. మేము తెనిగించి చెప్పుచున్నాము. దుకాణదారు మంచి మనిషి. "ఫికరు పడకు బేటీ, నా దగ్గర నాలుగు నమూనాలున్నాయి. పేరు మారిస్తే చాలు" అని తెరమీద చూపెను. మేమును తొంగి చూచితిమి. నాలుగింటిలోను బిడ్డ పుట్టుకతోనే నాయకుడు, ఓటమి ఎరుగడు, లోకసేవకై తహతహలాడుచుండును. తండ్రి చదివించుకొని విని, "బాగుంది భాయీ, ఇదే పెట్టండి" అనెను. బాలిక మాత్రము తెరవంక కొంతసేపు చూచి, "చాచా, ఇది నేను కాదు కదా" అనెను.

ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. ఈ నగరములో బిడ్డలు చదువుల వాకిట నిలిచి తమ్ము తాము చెప్పుకొనిన తీరు ఏ కాలమున ఎట్లుండెనో ఒకమారు చూచినచో, ఆమె పలికిన మాట ఎంత క్రొత్తదో శ్రోతలకు తెలియగలదు.

అర్జీ అను మాట నేడు తెలుగు మాటయే యైనది. దాని మూలము 'అర్జ్', అనగా విన్నపము. ఆసఫ్‌జాహీ ప్రభుత్వములో 1880 దశకము వరకు రాజభాష పారసీ; ఆ తరువాత ఉర్దూ. భాష మారినది గాని అర్జీ స్వరూపము మారలేదు. మొదట ఏలినవారి బిరుదములు. ఆ బిరుదములలో ఒక్కటి తగ్గినను పని చెడును, ఒక్కటి హెచ్చినను నవ్వులపాలు. పిదప అర్జీదారుడు. అతడు తన్ను 'ఫిద్వీ' అని చెప్పుకొనును. తమకై ప్రాణమర్పించువాడని అర్థము. లేదా 'కమ్‌తరీన్', అందరిలోను అల్పుడు. ఆ వెనుక తాతముత్తాతలు సర్కారునకు చేసిన సేవ. అటుపై అవసరము. చివరకు ఏలినవారి ఆయురైశ్వర్యములకు దుఆ చేసి, 'జ్యాదా హద్దె అదబ్' అని ముగింతురు. ఇంతకు మించి పలుకుట మర్యాద హద్దు దాటుట యగునని తాత్పర్యము. ఇన్ని మాటలలో 'నేను' అను మాటకు చోటు లేదు.

వ్రాసినవాడును అర్జీదారుడు కాడు. మున్షీ వ్రాయును. కచేరీల యెదుట చిన్న బల్లయో చాపయో వేసికొని కూర్చుండు అర్జీనవీసునకు ఏ అధికారికి ఏ బిరుదము చెల్లునో కంఠస్థము. ఒకే విధవరాలి కథను అతడు వందమంది విధవరాండ్రకు వ్రాసియుండును. దీనిని చూచి నేటివారు నవ్వవచ్చును, మేము నవ్వజాలము. ఆ మూస మాటల చాటున బీదవాని యింటి గుట్టు దాగియుండెడిది. తన కడుపుకోతను పరాయివానికి విప్పి చెప్పకయే దయ పొందు వీలు అందు కలదు. 'నీ మనస్సు విప్పి చూపుము, అప్పుడు ఆలోచింతుము' అని నాటి దర్బారు ఎవ్వరిని అడుగలేదు. నేటి పాఠశాలలు పదునాలుగేండ్ల పిల్లలను అడుగుచున్నవి.

ఈ మర్యాద బీదలకే కాదు, ప్రభువుల మంత్రులకును తప్పలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టుటకు మూలము 1917లో అక్బర్ హైదరీ ఏడవ నిజామునకు సమర్పించిన విజ్ఞాపనము. మంత్రులు ప్రభువునకు సమర్పించు అట్టి విజ్ఞాపనమును 'అర్జ్‌దాస్తు' అనెడివారు. దానిపై ఫర్మానా వెడలినది. 1918లో విశ్వవిద్యాలయము ఏర్పడినది.

వంశము చెప్పుకొనుట అలంకారమునకు మాత్రమే కాదు, అందు జీవనాధారము కలదు. ఈ రాజ్యములో జాగీరుదారు మరణించినచో జాగీరు తనంతట తాను కుమారునకు పోదు. వారసుడు 'విరాసతు' విచారణకు అర్జీ పెట్టుకొని, 'శజరా', అనగా వంశవృక్షము, దాఖలు చేసి, సర్కారు మంజూరీ పొందవలెను. తండ్రి పోయిన పసివాడు లోకమునకు తొలిసారి కనబడునది ఆ వంశవృక్షములో చివరి కొమ్మగానే. ఆ కాగితములను తరతరములుగా కాపాడిన కుటుంబములు పాత నగరములో ఉండెడివి. చార్మినారు చేరువనుండిన మాల్‌వాలా దేవిడీ అట్టిదే. 'దఫ్తరె మాల్' అను భూమిశిస్తు లెక్కల కార్యాలయము ఆ కాయస్థ కుటుంబము అధీనములో ఉండుటచేతనే దానికి ఆ పేరు వచ్చినది. ఆ భవనము చాలవరకు 2000 సంవత్సరమున కూలగొట్టబడినది. కొయ్యపని చూడదగిన కట్టడమది, పోయినది.

ఇక బడుల మాట. మొదటి సాలార్‌జంగు 1853లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, దివాను పదవికి వచ్చెను. ఆ దశకములోనే దారుల్ ఉలూము ఏర్పడినది. 1870 దశకములో ప్రభువుల బిడ్డల కొరకు మదరసె ఆలియా వెలసినది. నిజాము బంధువర్గము బిడ్డలకు వేరుగా మదరసె అయిజ్జా ఏర్పడినది. 'అయిజ్జా' అనగా ఆత్మీయులు, బంధువులు. బడి పేరే చెప్పుచున్నది గదా, ఎవరి తాలూకు బిడ్డలు లోపలికి రావచ్చునో! అట్టి బడిలో చేరదలచిన బాలుడు తన్ను గురించి ఏమియు వ్రాయనక్కరలేదు. అతని తాత ముందే వ్రాసియుంచినాడు. ఆలియాయును, హైదరాబాదు పాఠశాలయు కలిసి 1887లో నిజాము కళాశాల యైనపుడు అది మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై పరీక్షల పద్ధతి బలపడినది. పరీక్షకు నసబ్ తెలియదు. అది పరీక్షలోని గొప్పగుణము.

అయినను 1923లో జాగీరుదారుల కళాశాల వెలసినది. పాత నగరపు దేవిడీలలో నౌకర్ల నడుమ పెరుగు జాగీరుదారుల కుమారులను నగరమునకు ఆవల బేగంపేటలో, ఆంగ్లదేశపు వసతి పాఠశాలల పద్ధతిని, ఒకచోట ఉంచి చదివించుట దాని ఆశయము. ఆ తలుపు తెరచు తాళపుచెవి బడి పేరులోనే కలదు. 1949 ఆగస్టు 15వ తేదీన జాగీరుల రద్దు శాసనము వచ్చినది. జాగీరులే లేనపుడు జాగీరుదారుల కళాశాల యెక్కడిది? 1951లో అది హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా పేరు మార్చుకొని ఇతరుల బిడ్డలకును తలుపు తెరచినది. ఆంగ్లేయుల వాడుకలో 'పబ్లిక్ స్కూలు' అనగా ధనికుల బడి యని అర్థము. కనుక వంశము తొలగిన చోట ధనము కూర్చున్నదని ఎవరైన అనినచో మేము వాదింపము. కాని తాత పేరుతో మాత్రమే తెరచుకొను తలుపు, రుసుము చెల్లించినవానికి తెరచుకొనుట ఒక మార్పే.

ఇది ఉన్నతకుటుంబముల కథ. పల్లెనుండి చదువునకు నగరము వచ్చిన తెలుగు బాలుని కథ వేరు. అతనికి బడి దొరకుట ఒక యెత్తు, తల దాచుకొన గది దొరకుట వేరొక యెత్తు. 1918లో రాజబహద్దూరు వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టలు వెలసినది. ఆయన ఆ పిమ్మట పదునాలుగేండ్లు నగరమునకు కొత్వాలుగా నుండెను. తరువాత వైశ్యులు, మున్నూరు కాపులు, ఇతర కులములవారు తమ తమ బిడ్డలకై వసతిగృహములు నెలకొల్పుకొనిరి. రెడ్డి హాస్టలులో ఇతర కులముల విద్యార్థులకును చోటు దొరకెడిదన్నది పేర్కొనదగిన మాట. అయినను 'ఎవరి తాలూకు' అను ప్రశ్న ఇచ్చటను పేరుపలక మీదనే కనబడుచున్నది. అది దోషమందుమా? సర్కారు పట్టించుకొనని బిడ్డలను కులపెద్దలు పట్టించుకొనిరి. ఆ గదులలో చదివిన వారెందరో తరువాతి కాలమున రాజ్యమును కదలించిరి. ఏ కులపెద్దయు లేని బిడ్డల మాటయేమి? వారి పక్షమున 1910లో ఇసామియా బజారులో బడి తెరచినవాడు భాగ్యరెడ్డివర్మ. 1888లో మాదరి భాగయ్యగా పుట్టి, తరువాత ఈ క్రొత్త పేరుతో నిలిచిన మహనీయుడు. ఆయన పేరును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము; మరల ఆయనతో పని పడును.

తెలుగు బిడ్డలకు ఇంకొక అడ్డంకి ఉండెను. రాజ్యములో దాదాపు సగము జనుల మాతృభాష తెలుగు. కాని దరఖాస్తు తెలుగులో చెల్లదు. తన్ను గురించి చెప్పుకొనవలెనన్నచో ముందు తన భాషను ఇంటియొద్ద విడిచి రావలెను. 1921 నవంబరులో వివేకవర్ధినీ భవనమున జరిగిన సంఘసంస్కరణ సభలో, కార్వే పండితుని అధ్యక్షతన, ఇతర భాషలలో ఉపన్యాసములు సజావుగా సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావు లేచి తెలుగున మాటలాడ మొదలిడగానే సభ గేలిచేసినది. ఆ రాత్రియే కొద్దిమంది కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. వారిలో మాడపాటి హనుమంతరావు ముఖ్యుడు. ఆయన పూనికతో 1928లో తెలుగు మాధ్యమముగా బాలికల పాఠశాల వెలసినది. నైజామున తెలుగు కవులే లేరన్న మాటకు సమాధానముగా 1934లో సురవరము ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. ఒక జాతి తన్ను గురించి తన మాటలలో వ్రాసికొనిన దరఖాస్తుగా మాకు ఆ సంచిక తోచును.

మరి 'నీ మాటలలో వ్రాయుము' అను ప్రశ్న ఎక్కడ పుట్టినది? ఆంగ్లదేశమున కాదు. అక్కడి గొప్ప వసతి పాఠశాలలలో బిడ్డ పుట్టగానే తండ్రి పోయి పేరు నమోదు చేయించెడివాడు. ఆపై 1904 నుండి అన్ని బడులకు ఉమ్మడిగా ప్రవేశపరీక్ష వచ్చినది. ఈ ప్రశ్నను పెంచినది అమెరికా. అక్కడి పెద్ద విద్యాలయములలో మొదట పరీక్షయే ప్రమాణము. న్యూయార్కులో కాపురముండిన యూదు కుటుంబముల బిడ్డలు, తండ్రులు కుట్టుపని చేసికొని బ్రతుకువారైనను, ఆ పరీక్షలలో ముందు నిలువజొచ్చిరి. అది ఏలికలకు నచ్చలేదు. 1919లో కొలంబియా విశ్వవిద్యాలయము ఎనిమిది పుటల దరఖాస్తును ప్రవేశపెట్టినది. మతము, తండ్రి పుట్టుక, తల్లి పుట్టింటి పేరు, ఛాయాపటము అన్నియు కావలెను. 1922లో హార్వర్డు మరియొక అడుగు వేసి, 'పుట్టిన తరువాత నీ పేరుగాని నీ తండ్రి పేరుగాని ఎప్పుడైన మార్చుకొంటిరా?' అను అర్థము వచ్చు ప్రశ్నను చేర్చినది. గుణగణములను, వ్యక్తిత్వమును తూచుచున్నామను పేర వారు వెదకినది నసబ్. పరీక్ష మూసివేసిన వంశపు తలుపును దొడ్డిదారిన మరల తెరచినారు. మా భాగ్యరెడ్డివర్మ ఆ కాగితము ముందు కూర్చుండి యుండినచో ఏమి వ్రాసియుండునో యని ఊహించుచుందుము.

కాలక్రమమున ఆ దరఖాస్తులలోని మతప్రశ్న తొలగినది, ఛాయాపటము తొలగినది. పిల్లవాడు తన్ను గురించి వ్రాయు వ్యాసము మాత్రము నిలిచి పెరిగినది. నేడు అమెరికాలోని వసతి పాఠశాలలు విద్యార్థి వ్యాసము వేరుగను, తలిదండ్రుల లేఖ వేరుగను కోరును. ఒకరిది ఒకరు వ్రాయరాదు. ఎంత మారినదో చూడుడు! ఫిద్వీ అని తలవంచిన చోట నేడు 'నేను' అని తల యెత్తకున్నచో బిడ్డ తప్పిపోవును. పుట్టిన నాటి కుటిలత్వము పోయి, సొంత గొంతుక వినవలెనను కోరిక మిగిలినది. అది మంచి కోరికయే. కాని సొంత గొంతుక అనగా ఏమి?

దీనికి సమాధానము మన నగరపు బాలిక యొకతె నూరేండ్లకు ముందే చూపియున్నది. సరోజినీ చట్టోపాధ్యాయ 1879లో హైదరాబాదున జన్మించెను. తండ్రి అఘోరనాథుడు ఎడింబరోలో శాస్త్రపట్టము పొందివచ్చి ఇక్కడ విద్యాసంస్థలకు పునాదులు వేసిన పండితుడు. ఆమె పండ్రెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషను కృతార్థురాలయ్యెను. 1895లో, పదునారేండ్ల పడుచు, ఆరవ నిజాము ఇచ్చిన ప్రత్యేక వేతనముతో ఇంగ్లండు వెడలెను. ఆమె కోరి పోలేదు, పంపగా పోయెను. లండను కింగ్స్ కళాశాలలోను, పిదప కేంబ్రిడ్జిలోని గిర్టనులోను చదివి 1898లో తిరిగివచ్చెను.

లండనులో ఆమె తన పద్యములను ఎడ్మండ్ గాస్ అను విమర్శకునకు చూపెను. అవి ఛందస్సున నిర్దోషములు. కాని వానినిండ ఆంగ్లదేశపు పక్షులు, ఆంగ్లదేశపు గుడిగంటలు! హైదరాబాదు పిల్ల తాను ఎరుగని పల్లెటూరి గంటలను మ్రోగించుచున్నది. వానిని పారవేసి నీ దక్కను దేశమును గురించి, అచ్చటి కొండలు, తోటలు, గుడులు గురించి వ్రాయుమని గాస్ హితవు చెప్పెను. ఆమె వినెను. 1912లో ఆమె రెండవ సంపుటమునకు వ్రాసిన పీఠికలో గాస్ ఈ సంగతిని తృప్తితో చెప్పుకొనెను. ఆమె పద్యములలో గాజులవారు, పల్లకీ బోయలు, పాములవారు బారులు తీరిరి.

ఈ కథను మంచి సలహాకు ఉదాహరణముగా చెప్పుట వాడుక. మా అభిప్రాయము కొంత వేరు. గాస్ ఆమెను ఒక చెరనుండి విడిపించెను, నిజమే. కాని సీమవాడు దక్కను నుండి ఏమి కోరునో దానిని వ్రాయుమనుటయు మరియొక మూసయే. మున్షీకి బిరుదములెట్లో, గాస్‌కు గుడులును తోటలును అట్లు. ఆమెను చూడగోరువారు పద్యములకంటె, 1905లో వెలువడిన తొలి సంపుటపు పీఠికలో ఆర్థర్ సైమన్సు ఉదాహరించిన ఆమె లేఖను చూడవలెను. తన బాల్యమును గురించి ఆమె అతనికి వ్రాసిన మాటలవి. తండ్రికి తన్ను గణితజ్ఞురాలిని చేయవలెనని కోరిక. పదునొకండవ యేట ఒక బీజగణితపు లెక్క ఎంతకును తెగక నిట్టూర్చుచుండగా, లెక్కకు మారుగా ఒక పద్యము తనంతట వచ్చినదట. ఇంగ్లీషు మాటలాడనని మొండికెత్తినందుకు తొమ్మిదవ యేట తండ్రి ఒక దినమంతయు గదిలో పెట్టి మూసెనట. జీవితములో తనకు పడిన శిక్ష అదొక్కటే యట. తల్లి తనతో ఎప్పుడును హిందుస్తానీలోనే మాటలాడుననియు, తాను మాత్రము ఇంగ్లీషున బదులు చెప్పుదుననియు అందు కలదు. వైద్యుడు పుస్తకము ముట్టరాదనగా అతనిపై కసితోనే రెండువేల పంక్తుల నాటకము వ్రాసితినని చెప్పుకొనెను.

ఇందు చార్మినారు లేదు, గాజులు లేవు. తెగని లెక్క, మూసిన గది, ఒకే యింట తల్లికి ఒక భాష బిడ్డకు ఒక భాష. ఇవి ఇతరులెవ్వరును వ్రాయలేని సంగతులు. సైమన్సు కోరినది కవయిత్రి పరిచయము, అంతియే. కాని నేటి పాఠశాలలు పిల్లలను అడుగునది అట్టి లేఖనే యని మా తలంపు.

ప్రభుత్వపు గురుకులములలో ఈ బెడద లేదు. పీ.వీ. నరసింహారావు ముఖ్యమంత్రిగా నుండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకులము తెరచిరి. 2016 నుండి అల్పసంఖ్యాకుల బిడ్డలకై వెలసిన గురుకులములలో పాత నగరపు పిల్లలెందరో చదువుచున్నారు. అక్కడ పరీక్షయో, చీటీయో కాని వ్యాసము లేదు. దూరపు బడులకు పోదలచినవారికే ఈ పరీక్ష. వారికి నేడు మున్షీల కొరత లేదు. వేలు తీసికొని వ్యాసము వ్రాసి యిచ్చువారు కలరు. క్షణములో వ్రాసి పడవేయు యంత్రములును వచ్చినవి. అందరి వ్రాత ఒకే తీరు: దారిద్ర్యము, పట్టుదల, చార్మినారు, విజయము. జ్యాదా హద్దె అదబ్ అని మాత్రము అనరు.

మరల దుకాణమునకు వత్తము. మా శుభలేఖల నమూనా తయారగుటకు గంట పట్టునని చెప్పగా మేమును అక్కడనే కూర్చుంటిమి. తండ్రి ఊరకుండలేదు. "మీ పర్‌దాదా సర్కారు కొలువులో జమేదారు. ఆ సంగతి రాయి. వాళ్ళకు తెలియాలి మనం ఎవరమో" అనెను. బాలిక తలవంచుకొని, "అది ఆయన సంగతి అబ్బా. నేనేం చేశానని అడుగుతున్నారు" అనెను. చేసినది ఏమియు లేదని ఆమె బెంగ. బహుమానములు లేవు, ఊళ్లు తిరిగినది లేదు.

మేము కల్పించుకొని, బడినుండి ఇంటికి పోయిన తరువాత ఏమి చేయుదువమ్మా అని అడిగితిమి. ఆమె చెప్పినది. తమ గల్లీలోని ముసలమ్మలు పింఛను కాగితములు, బ్యాంకు కాగితములు ఆమె వద్దకు తెత్తురట. ఆరవ తరగతినుండి ఆమెయే నింపి పెట్టుచున్నదట. ఒకనాడు ఒక నానీమా వచ్చినదట. పేరేమని అడుగగా భర్త పేరు చెప్పెను. నీ పేరు అనగా, ఫలానావాని అమ్మీ నని కొడుకు పేరు చెప్పెను. అది కాదు నానీమా, నీ పేరు, నీ సొంత పేరు అని మూడవసారి అడుగగా ఆమె కొంతసేపు ఊరకుండి, తరువాత నవ్వి, తన పేరు చెప్పినదట. "ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు ఎవరూ మిగల్లేదట. నేను కాగితం మీద రాసి చూపించాను. చదవడం రాదు ఆమెకు. అయినా వేలితో తడిమింది" అనెను.

ఇది వ్రాయరాదా అంటిమి. ఇది నా సంగతి కాదు కదా, ఆమె సంగతి అనెను. మేము బదులు చెప్పలేదు. ఆమెయే కొంత తడవు ఆలోచించి, తెర విడిచి, తండ్రి జేబులోని కలము తీసికొని వ్రాయ మొదలిడెను. అర పుట నిండిన పిదప దుకాణదారు తొంగిచూచి, "ఇందులో నీ మార్కులేవి బేటీ? నీ పేరు కూడా లేదే?" అనెను.

"వస్తుంది చాచా, ఆగండి. ముందు ఆమె పేరు రానివ్వండి."

కాగితము చాలలేదు. దుకాణదారు చెత్తబుట్టలోనుండి తప్పు పడిన పెండ్లిపత్రికలు కొన్ని తీసి, వాని వెనుకవైపు తెల్లగా నున్నదని ఆమె ముందుంచెను. తండ్రి టీ తెప్పించెను. మా నమూనా వచ్చినది. అచ్చుతప్పులు చూచుకొని, రెండు దిద్ది, లేచి వచ్చితిమి. అప్పటికి ఆమె మూడవ పత్రిక వెనుక వ్రాయుచుండెను.